మూడు చేతులు లేస్తే మూడు వందల కోట్ల డాలర్ల అప్పు!

జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశాన్ని ఒక్కసారన్నా వెనుక బెంచీలో కూర్చుని చూసినవాళ్లకు ఈ సంగతి ఎరుకే. ఒక మండలానికి బోరు, ఒక ఊరికి కల్వర్టు, ఒక బడికి ప్రహరీ గోడ అడిగితే గంటలకొద్దీ లొల్లి. అంచనా ఎవరు వేసిండ్రు, ఏ పద్దు కింద ఇస్తరు, పక్క మండలానికి ఇచ్చి మాకెందుకు ఇయ్యరు అని బల్లలు గుద్దుడు, పోడియం దగ్గరికి ఉరుకుడు. కోట్ల రూపాయల పద్దు వచ్చేసరికి మాత్రం సభ చల్లబడుతుంది. ఫైలు మందంగా ఉంటుంది, అందులోని భాష ఇంగ్లీషు, అప్పటికి భోజనాల టైము అయి ఉంటుంది. ‘ఆమోదించడమైనది’ అని మినిట్స్‌లో ఒక్క ముక్క రాసి లేస్తారు.

ఇది మన దగ్గరి రోగమే అనుకుంటాం. కాదు. ప్రజాస్వామ్యం మా ఇంట్లో పుట్టిందని చెప్పుకునే అమెరికాలో, ఒక కౌంటీ ఇట్లాగే చేతులెత్తి ఎత్తి దివాలా తీసింది. అలబామా రాష్ట్రంలోని జెఫర్సన్ కౌంటీ అది. దాని ముఖ్య పట్టణం బర్మింగ్‌హామ్. అమెరికా కౌంటీ గొడవ మనకెందుకు అని అడిగే మిత్రులు ఉంటారు. అధికారం ప్రజలకు దగ్గరగా ఉండాలని ఏండ్ల తరబడి రాసినవాళ్లం, రోడ్ల మీద అరిచినవాళ్లం మనమే. దగ్గరికి వచ్చిన అధికారాన్ని ఎవరు ఎట్లా కొనుక్కుపోతారో చూడాల్సిన బాధ్యత కూడా మనదే. అందుకే ఈ వారం ఈ ముచ్చట.

ముందు కౌంటీ అంటే ఏమిటో చెప్పుకుందాం. అమెరికాలో రాష్ట్రం కింద ఉండేది కౌంటీ. మన జిల్లా అనుకోవచ్చు గానీ పూర్తిగా అది కాదు. మన జిల్లాకు కలెక్టర్ దొర ఉంటాడు, జెడ్పీ చైర్మన్ కుర్చీ ఆయన పక్కన ఉంటుంది. అక్కడ పైనుంచి వచ్చే కలెక్టర్ లేడు. ప్రజలు ఎన్నుకున్న బోర్డుదే పెత్తనం. దాన్ని కొన్నిచోట్ల సూపర్‌వైజర్ల బోర్డు అంటారు, కొన్నిచోట్ల కమిషన్ అంటారు. రోడ్లు, జైలు, పేదల ఆస్పత్రి, మురుగు కాల్వలు అన్నీ దాని కిందికే వస్తాయి. సమావేశం బహిరంగంగా జరుగుతుంది. మైకు దగ్గరికి వచ్చిన పౌరునికి కొన్ని నిమిషాలు ఇస్తారు. మా వీధి దీపం వెలుగుతలేదు, మా వాడకు ఫైరింజన్ కావాలి అని చెప్పుకుంటారు. వినడానికి ఎంత బాగుంది!

బర్మింగ్‌హామ్ 1871లో పుట్టిన ఊరు. ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి మూడూ ఒక్కచోటే దొరికినందుకు కొలుములు వెలిసి, ఇంగ్లండులోని ఉక్కు పట్టణం పేరే దీనికి పెట్టుకున్నారు. మన కొత్తగూడెం, బెల్లంపల్లి కార్మికులకు ఆ బతుకు వివరించి చెప్పాల్సిన పని లేదు. నల్లజాతి కార్మికుల చెమటతో నడిచిన ఆ పట్టణమే జాతి వివక్షకు పెట్టని కోట అయింది. 1963 సెప్టెంబర్ 15న చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపింది అక్కడే. కౌంటీ కమిషన్‌లో ముగ్గురే సభ్యులుండేవాళ్లు, కౌంటీ మొత్తం మీద పోటీ. ఆ లెక్కన నల్లవాళ్లు గెలిచే దారి లేదు. కోర్టుకు పోయి కొట్లాడితే 1980ల మధ్యలో ఐదు నియోజకవర్గాలు అయినయి. ఆ ఐదింటిలో ఒకదాని నుంచి గెలిచివచ్చిన వ్యక్తి క్రిస్ మెక్‌నైర్. చర్చి బాంబులో చనిపోయిన డెనిస్‌కు తండ్రి ఆయన. మురుగు కాల్వల శాఖ ఆయన చేతికే వచ్చింది.

ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక మురుగు కథ. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల కాల్వలు పాతవి, పగుళ్లు పట్టినవి. గట్టి వాన పడితే వరద నీళ్లు మురుగు పైపుల్లోకి దూరి, శుద్ధి చేయని మురుగంతా పొంగి కహాబా నదిలోకి, బ్లాక్ వారియర్ నదిలోకి పోయేది. కహాబా నీళ్లు ఊరికి తాగునీళ్లు కూడా. (మూసీ ఒడ్డున పుట్టిపెరిగిన మాకు ఈ బాధ కొత్త కాదు.) 1993లో స్థానిక పౌరులు, నదిని కాపాడే సంఘం వాళ్లు కోర్టుకు పోయారు. వెనుక కేంద్ర పర్యావరణ సంస్థ వచ్చి చేరింది. 1996లో కౌంటీ రాజీకి వచ్చి, మొత్తం వ్యవస్థను బాగుచేస్తామని కోర్టు ముందు ఒప్పుకుంది. చుట్టూ ఉన్న 21 మున్సిపాలిటీల పైపులు కూడా కౌంటీ మెడకే చుట్టుకున్నాయి.

ఇక్కడిదాకా ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. నది బాగుపడాలి, పైపులు మార్చాలి, దానికి పైసలు కావాలి. అడిగినవాళ్లు స్థానికులు, అడిగింది న్యాయమైనది. ప్రజల అక్కర ఎంత నిజమైతే దాని మీద రాబందులు అంత ధైర్యంగా వాలుతాయి. నది బాగు కోసం అని చెప్పిన అప్పును కాదనే మొనగాడు ఎవడు?

పైసలు తెచ్చిన తీరు చూడండి. అప్పటి అలబామా రాజ్యాంగం 1901 నాటిది. కౌంటీ బాండ్లు అమ్మి అప్పు తేవాలంటే ఓటర్ల అనుమతి తీసుకోవాలని అందులో 222వ సెక్షన్ ఉంది. కౌంటీ ప్రజలంతా ఓటు వేసి సరే అంటేనే బాండు. మంచి నిబంధన. కానీ ‘బాండు’ అని రాస్తేనే ఆ నిబంధన వర్తిస్తుంది. ‘వారెంటు’ అని పేరు మార్చితే వర్తించదని అక్కడి కోర్టులు ఏనాడో తేల్చాయి. అప్పు అదే, వడ్డీ అదే, కట్టేది అదే ప్రజ. పేరు మారగానే లక్షల మంది ఓటు అక్కర లేకుండా పోయింది. ఐదుగురు కూర్చున్న గదిలో మూడు చేతులు లేస్తే చాలు. జెఫర్సన్ కౌంటీ మురుగు అప్పు మొత్తం వారెంట్లే. పది మంది సంతకాల దగ్గర ఒక్క దస్తఖత్‌తో పని కానిచ్చుకునే ఉపాయం మన పట్వారీలకే తెలుసు అనుకున్నాం ఇన్నాళ్లు!

చూస్తుండగానే అప్పు మూడు వందల కోట్ల డాలర్లు దాటింది. 2010 జనాభా లెక్కల ప్రకారం కౌంటీ జనం 6 లక్షల 58 వేలు. మురుగు అప్పు 310 కోట్లు అనుకుని భాగిస్తే, పాలు తాగే పిల్లతో సహా తలకు సుమారు 4,700 డాలర్లు. ఇండ్లు, ఉద్యోగాలు ఉన్నవాళ్లతో పాటు పెన్షన్ మీద బతికే ముసలవ్వ కూడా ఈ లెక్కలో ఉంది. మురుగు బిల్లు అందరికీ వస్తుంది మరి.

అంతటితో ఆగినా ఎట్లనో గట్టెక్కేవాళ్లు. 2002లో, 2003లో జేపీ మోర్గాన్ లాంటి వాల్‌స్ట్రీట్ కంపెనీలు వచ్చి, మీ అప్పు పాత పద్ధతిలో ఉంది, తిరగరాస్తే వడ్డీ మిగులుతుంది అన్నాయి. స్థిరమైన వడ్డీ అప్పును తీసేసి, మారే వడ్డీ అప్పు పెట్టారు. దాని మీద ‘స్వాప్’లు అని ఇంకో రకం ఒప్పందాలు. స్వాప్ అంటే అదలుబదలు. ఇది అర్థమైతేనే దివాలా అర్థమవుతుంది కాబట్టి కొంచెం ఓపికగా చెప్పుకుందాం.

ఒక రైతు షావుకారి దగ్గర అప్పు తెచ్చాడు. వడ్డీ నెలనెలా మారుతుంది. ఇంకొకాయన వచ్చి అన్నాడు: నువ్వు నాకు ప్రతి నెలా ఒకటే రేటున ఇంత ఇవ్వు. షావుకారికి కట్టే వడ్డీ కోసం నేను నీకు అంగడి ధరను బట్టి ఇస్తా. అంగడి ధర, షావుకారి వడ్డీ రెండూ కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి, నీకేం భయం లేదు. రైతు నమ్మాడు. ఒకనాడు షావుకారి వడ్డీ ఆకాశానికి పోయింది, అంగడి ధర పాతాళానికి పోయింది. ఇప్పుడు రైతు షావుకారికి ఎక్కువ కట్టాలి, ఈయనకు ఒప్పుకున్నంతా కట్టాలి, ఈయన దగ్గర్నుంచి వచ్చేది చారెడు. తప్పుకుంటానంటే ‘రద్దు ఫీజు’ కట్టమంటాడు. జెఫర్సన్ కౌంటీకి 2008లో అచ్చంగా ఇదే జరిగింది. ఆ అప్పులకు పూచీపడ్డ బీమా కంపెనీలు అమెరికా ఇండ్ల అప్పుల సంక్షోభంలో పడి పరపతి పోగొట్టుకున్నాయి. ఆ వారెంట్లు కొనేవాళ్లు లేక వేలాలు ఆగిపోయాయి. కౌంటీ కట్టాల్సిన వడ్డీ 10 శాతం దాకా ఎగబాకింది. బ్యాంకు నుంచి రావాల్సిన వంతు మాత్రం పడిపోయింది.

కమిషన్‌లో చేతులెత్తినవాళ్లకు ఈ కాయితాలు అర్థమయ్యాయా? కాలేదని అనుకుంటే తెలియక చేశారులే అని జాలిపడేవాళ్లం. కానీ కోర్టులో బయటపడ్డ సంగతులు జాలికి చోటివ్వలేదు. అప్పటి కమిషన్ అధ్యక్షుడు ల్యారీ లాంగ్‌ఫోర్డ్‌కు మాంట్‌గోమరీకి చెందిన ఒక పెట్టుబడి బ్యాంకరు బిల్ బ్లౌంట్ దోస్తు. స్వాప్ ఒప్పందాల్లో బ్లౌంట్ కంపెనీకి వాటా ఇప్పించినందుకు లాంగ్‌ఫోర్డ్‌కు ముట్టినవి నగదు, ఖరీదైన సూట్లు, రోలెక్స్ గడియారాలు. మొత్తం విలువ సుమారు 2 లక్షల 35 వేల డాలర్లు. బ్లౌంట్ కంపెనీకి దక్కిన ఫీజులు 70 లక్షల డాలర్ల పైమాటే. 2009 అక్టోబర్‌లో జ్యూరీ లాంగ్‌ఫోర్డ్‌ను 60 అభియోగాల్లోనూ దోషి అన్నది, మరుసటి ఏడు 15 ఏండ్ల జైలు పడింది. అప్పటికి ఆయన బర్మింగ్‌హామ్ మేయర్ కుర్చీలో ఉన్నాడు. జబ్బు చేసి 2018 డిసెంబర్‌లో జైలు నుంచి బయటికి వచ్చి, 2019 జనవరిలో చనిపోయాడు.

లెక్క చూడండి. మూడు వందల కోట్ల డాలర్ల కథలో ఒక ఊరి పెద్ద అమ్ముడుపోయిన ధర కొన్ని సూట్లు, గడియారాలు. అగ్గువకు అమ్ముడుపోయేది మన నాయకులే అనుకోవద్దు.

లాంగ్‌ఫోర్డ్ అంటే జనానికి ఇష్టం ఉండేది, అదీ చెప్పాలి. టీవీ విలేకరిగా మొదలైనవాడు, మాటకారి. కొత్త బడి భవనాల కోసం పైసా పన్ను పెట్టించి వంద కోట్ల డాలర్ల పైచిలుకు తెచ్చాడు. బడులు కట్టారు కూడా. మంచి చేసినవాడే చెడు చేస్తుంటే పట్టుకోవడం కష్టం.

మెక్‌నైర్ సంగతి ఇంకా బాధ. బిడ్డను జాతి విద్వేషానికి పోగొట్టుకున్న తండ్రి, తన వాళ్లకు ప్రాతినిధ్యం దొరికిన మొదటి రోజుల్లో గెలిచినవాడు. మురుగు కాంట్రాక్టర్ల దగ్గర లంచాలు తీసుకున్నట్టు 2006లో కోర్టు తేల్చింది. ముసలితనంలో జైలుకు పోయాడు. ఇది రాస్తుంటే మాకు సంతోషం ఏమీ లేదు. మనవాడు కుర్చీ మీద కూర్చుంటే చాలు, తక్కినవన్నీ అవే సర్దుకుంటాయని నమ్మిన ప్రతి ఉద్యమానికీ ఒక మెక్‌నైర్ ఎదురవుతాడు. పేర్లు రాయాల్సిన పని లేదు, ఎవరి జిల్లాలో వాళ్లకు తెలుసు.

లంచం తీసుకున్నవాళ్లు ఒకరి వెనుక ఒకరు జైలుకు పోయారు. ఇచ్చిన దిక్కున బ్లౌంట్ కూడా శిక్ష అనుభవించాడు. మరి ఈ అప్పులు అల్లిన పెద్ద బ్యాంకు? కమిషనర్ల దోస్తుల కంపెనీలకు, పని చేయించుకోకుండానే 80 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చి, ఆ ఖర్చును వడ్డీ రేటులో కలిపి కౌంటీ నెత్తినే రుద్దిందని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ ఆరోపించింది. 2009 నవంబర్‌లో జేపీ మోర్గాన్ రాజీ చేసుకుంది. తప్పు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. 2.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది, కౌంటీకి 5 కోట్ల డాలర్లు ఇచ్చింది, 64.7 కోట్ల డాలర్ల రద్దు ఫీజు వదులుకుంది. ఆ రద్దు ఫీజు అనేదాన్ని పుట్టించిందే వాళ్లు అని మరిచిపోవద్దు.

ఇప్పుడు ఉద్యోగ మిత్రులు శ్రద్ధగా చదవాల్సిన భాగం. అప్పు మీద అప్పు కూలుతున్న సమయంలోనే కౌంటీకి ఇంకో దెబ్బ పడింది. అక్కడ పనిచేసే వాళ్ల జీతాల్లోంచి అర శాతం లోపు ‘వృత్తి పన్ను’ వసూలయ్యేది, ఏటా 6.6 కోట్ల డాలర్ల ఆదాయం. దాని చట్టం సరిగ్గా లేదని కోర్టులు కొట్టేశాయి. 2009 ఆగస్టులో సుమారు వెయ్యి మంది కౌంటీ ఉద్యోగులను జీతం లేకుండా ఇంటికి పంపారు. అప్పటికప్పుడు కొత్త చట్టం తెచ్చి వాళ్లను తిరిగి తీసుకున్నారు గానీ, 2011లో ఆ చట్టాన్ని కూడా రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్లీ వందల మంది రోడ్డున పడ్డారు. శివారు కోర్టు భవనాలు మూసేస్తే, కారు నంబర్ ప్లేటు కోసం జనం ముఖ్య కార్యాలయం ముందు గంటల కొద్దీ లైన్లో నిలబడ్డారు.

కౌంటీ తనంతట తాను ఇంకో పన్ను వేసుకోవచ్చు కదా? లేదు. 1901లో ఆ రాజ్యాంగాన్ని రాసినవాళ్లు నల్లవాళ్ల ఓటు ఊడగొట్టడానికే కూర్చున్నారు. దాంతో పాటు కౌంటీల చేతులూ కట్టేశారు. ఒక కౌంటీలో చిన్న పన్నుకు కూడా రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీలో శాసనసభ దయ తలచాలి. కౌంటీ అడిగింది, శాసనసభ ఆ పన్ను తిరిగి ఇవ్వకుండానే సమావేశాలు ముగించి ఇండ్లకు పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడన్నట్టు! అప్పు చేసేదానికి మూడు చేతులు చాలు, తీర్చేదానికి మాత్రం రాజధాని అనుమతి కావాలి. ఇసొంటి అధికార పంపిణీ మనకు ఎన్నడూ తెలియదని ఎవరన్నా అనగలరా?

2011 నవంబర్ 9న జెఫర్సన్ కౌంటీ దివాలా పిటిషన్ వేసింది. మొత్తం అప్పు 420 కోట్ల డాలర్ల దగ్గర. 2013లో డెట్రాయిట్ నగరం కూలేదాకా అమెరికా చరిత్రలో స్థానిక ప్రభుత్వ దివాలాల్లో అదే పెద్దది. ఆ మరుసటి ఏడు కూపర్ గ్రీన్ ఆస్పత్రి వంతు వచ్చింది. కౌంటీ నడిపే పేదల ఆస్పత్రి అది, మన గాంధీ, ఉస్మానియా లాంటిది. అక్కడ పడకలు, అత్యవసర విభాగం మూసేయాలని అదే కమిషన్ మెజారిటీ ఓటుతో తీర్మానించింది. 2012 చివరికి మూతపడ్డాయి, ఓపీ సేవలే మిగిలాయి. ఈసారి సభా మందిరం నిండిపోయింది. రోగులు, నర్సులు, పాస్టర్లు మైకు దగ్గరికి వచ్చి గొంతు చించుకున్నారు. వారెంట్లకు, స్వాప్‌లకు చేతులు లేచిన నాడు మైకు ముందు ఇంత జనం లేరు. ఎందుకు ఉంటారు? ఆ ఎజెండా మీద ఆస్పత్రి అనే మాట లేదు. ‘రిఫండింగ్ వారెంట్స్, సిరీస్ ఫలానా’ అని ఉంది.

మేము ఈ ఒక్క సంగతి కోసమే ఇంత దూరం తీసుకువచ్చాం. ఆస్పత్రి మూతపడే ఓటు 2012లో పడలేదు. 2002లో, 2003లో పడింది. అప్పుడు దాని పేరు వేరు.

దివాలా నుంచి 2013 డిసెంబర్‌లో బయటికి వచ్చారు. పాత మురుగు అప్పులో కొంత బ్యాంకులు, బీమా కంపెనీలు వదులుకున్నాయి. జేపీ మోర్గాన్ కూడా సుమారు 84 కోట్ల డాలర్లు వదులుకుంది. మిగతాది తీర్చడానికి దాదాపు 180 కోట్ల డాలర్ల కొత్త వారెంట్లు అమ్మారు. తీరే గడువు 2053. మురుగు బిల్లు మొదటి నాలుగేండ్లు ఏటా 7.89 శాతం, ఆ తర్వాత ఏటా 3.49 శాతం పెంచుకుంటూ పోవాలని రాసుకున్నారు. దివాలాకు ముందే బిల్లు మూడు నాలుగింతలు అయింది. ఈ పెంపు న్యాయం కాదని కొందరు బిల్లు కట్టేవాళ్లు పై కోర్టుకు పోయారు. 2018లో అప్పీలు కోర్టు ఏమన్నదంటే, ఇప్పటికే కొత్త అప్పు అమ్ముడుపోయింది, జనం కొనుక్కున్నారు, ఇప్పుడు వెనక్కి తిప్పలేం అని. తప్పా ఒప్పా అని చూడనే లేదు. ఆలస్యంగా వచ్చినందుకు గేటు మూశారు. 2024 మొదట్లో ఆ అప్పును మళ్లీ తిరగరాశారు, ఈసారి 220 కోట్ల డాలర్ల పైమాట. స్థిర వడ్డీ, మంచి రేటు, గతం కన్నా ఎంతో నయం అంటున్నారు. అయి ఉండవచ్చు. పదేండ్లు బిల్లులు కట్టినంక అప్పు అంకె 180 నుంచి 220కి ఎట్లా పెరిగిందో ఆ ముసలవ్వకు ఎవరన్నా వివరించారా? మొదటి ఏండ్లలో కట్టకుండా వాయిదా వేసిన వడ్డీ అసలులో కలుస్తూ వచ్చింది. గిరిగిరి వడ్డీ తెలిసిన మన ఆడబిడ్డలకు చెప్పాల్సిన పని లేదు.

ఇక స్థానిక కోరికల సంగతి. బడుల కోసం పెట్టిన పైసా పన్నును దివాలా తర్వాత సర్దుబాటు చేసి, 2015లో ఒక చట్టం తెచ్చారు. అందులో ఏటా 36 లక్షల డాలర్లు ‘సామాజిక సేవా నిధి’కి. పార్కులు, గ్రంథాలయాలు, పిల్లల ఆటలు, ఫైర్ స్టేషన్లు. అది పంచేది కౌంటీ బోర్డు కాదు, ఆ ప్రాంత శాసనసభ్యులు. మన నియోజకవర్గ అభివృద్ధి నిధి గుర్తుకొస్తుందా? కొన్నేండ్లు గడిచాయి. పిల్లల బేస్‌బాల్ క్లబ్బుకు ఇచ్చిన పైసల్లోంచి వాటా వెనక్కి తీసుకున్న కేసులో ఇద్దరు శాసనసభ్యులు, ఒకరు 2023లో, ఒకరు 2024లో, నేరం ఒప్పుకున్నారు. పెద్ద పైసలకే కాపలా కావాలి, చిన్న పైసలు వాటంతట అవే పోయే చోటికి పోతాయి అనేవాళ్లకు ఇది జవాబు. చిన్న కోరికలకు ఉన్న లొల్లి తప్పు కాదు. కల్వర్టు మీద గంట సేపు కొట్లాడిన సభ్యుడు మంచి పనే చేశాడు. అదే గొంతు అప్పు కాయితం దగ్గర ఎందుకు పూడుకుపోతుందనేదే మా ప్రశ్న.

ఇక మన ముంగిట్లోకి. నీళ్లు, నిధులు, నియామకాలు అన్నప్పుడు మధ్య మాట నిధులు. నిధులు అంటే మన వాటా అని అర్థం చెప్పుకున్నాం. అప్పు కూడా నిధుల పద్దులోనే వస్తుందని అప్పట్లో ఎవరం గట్టిగా చెప్పుకోలేదు, ఈ పత్రికలాంటి పత్రికలతో సహా. 2014లో రాష్ట్రం వచ్చింది. 2018లో హైదరాబాద్ మహానగర పాలక సంస్థ రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం బాండ్లు అమ్మింది. మొదటి విడత 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. తర్వాతి విడతల్లో వడ్డీ ఇంకా పెరిగింది. ఆ రేటు ఎంతో, గడువు ఎప్పటిదాకానో మన కాలనీ సంఘాల్లో ఎంతమందికి ఎరుక? కాళేశ్వరం సంగతి ఇంకా పెద్దది. బడ్జెట్ బయట ఒక కార్పొరేషన్ పెట్టి, బ్యాంకుల నుంచి, ఆర్థిక సంస్థల నుంచి సుమారు 87 వేల కోట్ల రూపాయల అప్పులకు ఒప్పందాలు చేసుకున్నారని 2024 ఫిబ్రవరిలో శాసనసభ ముందుకు వచ్చిన కాగ్ నివేదికలో ఉంది. మేడిగడ్డ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబర్‌లో. కుంగిన నాడు టీవీల ముందు కూర్చున్నాం. అప్పు కాయితాల మీద సంతకాలు పడ్డ నాడు ఎక్కడ కూర్చున్నాం?

జెఫర్సన్ కౌంటీ, కాళేశ్వరం ఒక్కటే అని మేము అనడం లేదు. అక్కడ కోర్టులో రుజువైన లంచాలున్నాయి, ఇక్కడి లెక్క వేరు, తేలాల్సిన చోట తేలాలి. పోలిక ఒక్కదానిలోనే. అక్కడ బాండును వారెంటు అన్నారు, ఓటర్లు తప్పుకున్నారు. ఇక్కడ ప్రభుత్వ అప్పును కార్పొరేషన్ అప్పు అన్నారు, బడ్జెట్ మీద చర్చించాల్సిన సభ తప్పుకుంది.

కొందరు పెద్దలు దీన్ని ఇంకో దిక్కుకు లాగుతారని తెలుసు. చూసిండ్రా, కింది బోర్డులకు అధికారాలిస్తే ఇట్లా దివాలా తీస్తారు, అందుకే పైసలు హైదరాబాద్‌లోనే ఉండాలి అంటారు. జెఫర్సన్ కౌంటీకి అధికారం ఎక్కువై దివాలా రాలేదు. పన్ను వేసే అధికారం, తమ పద్దు తాము దిద్దుకునే అధికారం లేకనే చివరి దెబ్బ పడింది. అప్పు తెచ్చే అధికారం ఒక్కటే కింద పెట్టి, తక్కినవన్నీ మీద పెట్టుకున్నందుకు వచ్చిన తిప్పలు అవి. గ్రామ పంచాయతీలకు చెక్ పవర్ ఇచ్చినట్టే ఇచ్చి ట్రెజరీలో ఫ్రీజింగ్ పెట్టడం చూసిన సర్పంచులను అడగండి, వాళ్లు మాకంటే బాగా చెప్తారు.

విద్యార్థి మిత్రులకు, ఉద్యోగ సంఘాల వాళ్లకు ఒక పని చెప్తాం. మీ జిల్లాలో, మీ మున్సిపాలిటీలో ఏ అప్పు తీర్మానం ఎజెండాకు వచ్చినా ముందు ఇవి అడగండి. అప్పు ఎంత? ఇచ్చేవాడు ఎవడు? వడ్డీ స్థిరమా, మారేదా? ఆఖరు వాయిదా ఏ సంవత్సరం? మధ్యలో ఫీజులు తినేది ఎవరు? కట్టలేకపోతే ఏది మూతపడుతుంది? ఇవి రెండు పేజీల్లో తెలుగులో రాసి, సభకు పదిహేను రోజుల ముందు నోటీసు బోర్డు మీద అతికించమనండి. ఇయ్యమంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. లెక్కల శాఖలో పనిచేసే మిత్రులు కూర్చుని చదివి పెట్టండి, ఆ ఇంగ్లీషు మీకు అలవాటే. ఎవరి జిల్లాలో ఏ జవాబు వచ్చిందో, అసలు రాలేదో మాకు రాయండి. వచ్చిన కాయితాలు వచ్చినట్టు ఈ పేజీలోనే అచ్చు వేస్తాం.